కస్టమర్ డిస్కు మొత్తం తుడిచేయమంటున్నాడు, బిల్లు మీద పోయిన నెల తేదీ వేయమంటున్నాడు

కావలి రిపేరు | జూన్ 11, రాత్రి 9:42
అందరికీ నమస్కారం. కావలిలో నాది చిన్న కంప్యూటర్ రిపేరు షాపు. ఈరోజు సాయంత్రం తెలిసిన కస్టమర్ ఒకాయన ఆఫీసు సీపీయూ తెచ్చాడు. రొయ్యల కొనుగోలు ఏజెంటు, ఇంకొకరితో కలిసి పార్ట్‌నర్‌షిప్ మీద చేస్తున్నాడు. "అమ్మేస్తున్నా, లోపల ఉన్నదంతా తీసెయ్, ఎవరూ వెనక్కి తేలేకుండా తీసెయ్" అన్నాడు. సరే, ఇలాంటివి నెలకు నాలుగైదు వస్తాయి, మామూలే. డిస్కు మొత్తం సున్నాలతో నింపితే 1 టీబీకి రెండు, రెండున్నర గంటలు పడుతుంది. రాత్రికి పెట్టేసి ఇంటికి పోవచ్చు.

కాకపోతే వెళ్తా వెళ్తా రెండు మాటలన్నాడు. ఒకటి, మామూలుగా నేను 800 తీసుకుంటా, తను 3,000 ఇస్తానన్నాడు. రెండోది, బిల్లు మీద మే నెల తేదీ వేయమన్నాడు. ఎందుకన్నా అంటే "ఆడిటర్ అడుగుతున్నాడులే" అన్నాడు. ఆయన పోయాక మా టీ కొట్టతను చెప్పాడు, ఆ ఏజెంటుకి రైతులెవరో లాయరు నోటీసు పంపారంట, పార్ట్‌నర్‌తో కూడా గొడవంట.

ఇప్పుడు ఆ సీపీయూ నా బల్ల మీద ఉంది. తుడవడం నా పని. తుడిస్తే తప్పవుతుందా? నాకు టెన్షన్‌గా ఉంది.

ట్రంకు రోడ్డు | జూన్ 11, రాత్రి 9:58
దీనికి టెన్షన్ దేనికి బ్రదర్. వస్తువు ఆయనది, డేటా ఆయనది. నువ్వు చేయకపోతే పక్క షాపువాడు చేస్తాడు. 3,000 పోగొట్టుకున్నది నువ్వే.

ఇందుకూరుపేట రొయ్య | జూన్ 11, రాత్రి 10:15
డేటా ఆయనది ఎట్లా అవుతుందన్నా? అందులో ఉండేది మా కాటా చీటీల లెక్క. ఏ చెరువులో ఎన్ని టన్నులు పట్టాం, ఏ కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) వచ్చింది, కిలోకి ఎంత మాట్లాడుకున్నాం, ఎంత ఇచ్చాడు, ఎంత బాకీ, అదంతా ఆ డబ్బాలోనే కదా ఉండేది. పట్టుబడి రోజు రాత్రి రెండు గంటలకి టార్చి లైట్లో ఒక చిన్న చీటీ రాసిచ్చి పోతారు. వానకి తడిస్తే అదీ పోతుంది. నేను ఇంకొక ఏజెంటు దగ్గర ఇట్లానే దెబ్బ తిన్నా. "కంప్యూటర్ పాడైపోయింది, లెక్కలు లేవు" అన్నాడు. మూడేళ్లయింది, ఇంకా తిరుగుతున్నా.

తమ్ముడూ, చేయబాకు.

దర్గామిట్ట వకీలు | జూన్ 11, రాత్రి 10:40
కావలి తమ్ముడికి ముందు చెప్పేది, ఈ రాత్రికి ఆ సీపీయూని ముట్టుకోవద్దు. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

ఖాళీ చేయడం అనే పని దానంతట అది నేరం కాదు. రోజూ లక్షల మంది చేస్తారు. గొడవ మొదలైందని తెలిసిన తర్వాత, అవతలివాళ్లకు సాక్ష్యం దొరకకూడదని చేస్తే నేరం. భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ చూడండి. కోర్టులో హాజరుపరచాల్సి వచ్చే పత్రాన్ని గానీ ఎలక్ట్రానిక్ రికార్డును గానీ, సాక్ష్యంగా వాడకుండా చేయాలనే ఉద్దేశంతో దాచినా, నాశనం చేసినా 3 సంవత్సరాల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతి ఐపీసీలో ఇది 204వ సెక్షన్, అప్పుడు 2 సంవత్సరాలు ఉండేది. 2024 జులై 1 నుంచి కొత్తది.

ఇందులో అసలు కీలకం "ఉద్దేశం". మామూలుగా దాన్ని రుజువు చేయడం కష్టం, మనిషి మనసులో ఏముందో ఎవరు చూస్తారు. కానీ మే నెల తేదీతో బిల్లు అడిగాడు చూడండి, అక్కడ ఆయన ఉద్దేశం ఆయనే కాగితం మీద పెట్టించుకుంటున్నాడు. ఆ కాగితం మీద సంతకం మాత్రం మీది. తెలిసి సాయం చేస్తే ప్రేరేపణ, సహకారం కింద మీరూ వస్తారు.

ట్రంకు రోడ్డు | జూన్ 11, రాత్రి 10:52
సార్, కేసు ఇంకా కోర్టుకే పోలేదు. నోటీసు వచ్చినంత మాత్రాన ఏదీ తుడవకూడదని ఎక్కడ రాసుంది?

దర్గామిట్ట వకీలు | జూన్ 11, రాత్రి 11:20
మంచి ప్రశ్న. నిజం చెప్పాలంటే అమెరికాలో ఉన్నట్టు మన దగ్గర ఒకే చోట రాసిన నియమం లేదు. అక్కడ దావా వస్తుందని సహేతుకంగా ఊహించగలిగిన క్షణం నుంచే రెండు పక్షాలూ రికార్డులు భద్రపరచాలి. ఆ బాధ్యత ఎంతవరకో జుబులేక్ అనే ఉద్యోగిని యూబీఎస్ వార్‌బర్గ్ మీద వేసిన కేసులో 2003, 2004లో వచ్చిన ఉత్తర్వులు వివరంగా చెప్పాయి. ఈమెయిళ్లు పోగొట్టినందుకు, అవి కంపెనీకి వ్యతిరేకంగానే ఉండేవని అనుకోవచ్చని జ్యూరీకి జడ్జి చెప్పారు. 2005లో జ్యూరీ ఆమెకు సుమారు 2.9 కోట్ల డాలర్లు ఇప్పించింది.

మన దగ్గర ఆ బాధ్యత ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్క 241. ఇంకో ముక్క కొత్త సాక్ష్య చట్టం, అంటే సాక్ష్య అధినియమ్, 119వ సెక్షన్, పాత చట్టంలో 114. నీ చేతిలో ఉండి, తేగలిగి కూడా తేని సాక్ష్యం, తెస్తే నీకే వ్యతిరేకంగా ఉండేదని కోర్టు భావించవచ్చు. ఇంకో ముక్క సివిల్ దావాలు నడిపే చట్టం సీపీసీలో ఆర్డర్ 39 రూల్ 7, దావా వేసినవాళ్లు వివాదంలో ఉన్న వస్తువును భద్రపరచమని, తనిఖీ చేయించమని అడగొచ్చు. కమర్షియల్ కోర్టు పరిధిలోకి వచ్చే వివాదమైతే ఇంకా గట్టిది, 3 లక్షలు దాటితే చాలు, పార్ట్‌నర్‌షిప్ గొడవలు కూడా అందులోకి వస్తాయి. అక్కడ నీ దగ్గరున్న పత్రాలన్నీ, నీకు అనుకూలమైనవైనా ప్రతికూలమైనవైనా, జాబితా వేసి ఇవ్వాలి.

నోటీసు అందుకున్న మనిషి "నాకేం తెలియదు, మామూలుగా శుభ్రం చేశా" అనడానికి ఇక దారి లేదు. పోస్టులో నోటీసు అందినట్టు సంతకం ఉంటుంది కదా.

లెక్కల అక్క | జూన్ 12, ఉదయం 7:05
ఒంగోలులో ఆడిటర్ ఆఫీసులో 14 ఏళ్లుగా పనిచేస్తున్నా. "ఆడిటర్ అడుగుతున్నాడులే" అన్న మాట చదివి నవ్వొచ్చింది. లెక్కలు తుడిచేయమని ఏ ఆడిటరూ అడగడు, ఉంచమని మొత్తుకుంటాడు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు పుస్తకాలు ఉంచాలి, అప్పీలు నడుస్తుంటే అది తేలాక ఇంకో ఏడాది. కంపెనీ అయితే 8 ఆర్థిక సంవత్సరాలు. పైగా 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో చూపించే ఎడిట్ లాగ్ ఆపడానికి వీల్లేకుండా ఉండాలి. పార్ట్‌నర్‌షిప్‌కి ఆ నిబంధన వర్తించదు, అయినా లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో ఎడిట్ లాగ్ ఉన్న వెర్షన్ వాడేవాళ్లు చాలామంది ఉన్నారు.

అంటే నోటీసు సంగతి పక్కన పెట్టినా, వ్యాపారం కంప్యూటర్‌లో ఉన్న ఏకైక లెక్క తుడిచేయడం అసలు కుదరని పని. బ్యాకప్ తీసుకుని డిస్కు తుడవడం వేరు. ఆ ఏజెంటు బ్యాకప్ మాట ఎత్తాడా?

కావలి రిపేరు | జూన్ 12, ఉదయం 8:30
ఎత్తలేదక్కా. నేనే అడిగా, కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వమంటారా అని. "అవసరం లేదు" అన్నాడు.

ఇంకో విషయం చెప్పాలి. నిన్న ఆయన ఉండగానే ఒకసారి ఆన్ చేశా, డిస్కు సైజు చూద్దామని. విండోస్ తెరుచుకుంది, డెస్క్‌టాప్ మీద ట్యాలీ, సంవత్సరాల పేర్లతో ఫోల్డర్లు ఉన్నాయి. ఏదీ తెరవలేదు. ఆఫ్ చేసేశా. అదేమైనా తప్పా?

డిస్క్ డాక్టర్ | జూన్ 12, ఉదయం 9:10
నాది కందుకూరు, ఉద్యోగం హైదరాబాదులో, డిజిటల్ ఫోరెన్సిక్స్ పనే. ఆన్ చేయడం తప్పు కాదు కానీ ఒకసారి విండోస్ లేస్తే వందల ఫైళ్ల తేదీలు మారతాయి, లాగుల్లో కొత్త వరుసలు చేరతాయి. అందుకే మేము డిస్కు బయటికి తీసి, రైట్ బ్లాకర్ మధ్యలో పెట్టి చదువుతాం. ఆ పరికరం చదవనిస్తుంది, రాయనివ్వదు. మీరు చేసిందల్లా ఎన్ని గంటలకు ఆన్ చేశారు, ఎన్ని గంటలకు ఆపారు అని ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. ఇక ఆన్ చేయొద్దు.

ఇప్పుడు తుడవడం గురించి రెండు ముక్కలు చెబుతా, చాలామందికి ఇందులో అపోహలున్నాయి.

డిలీట్ కొట్టి రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే ఫైలు పోదు. పంచాయతీ రికార్డులో ఇంటి నంబరు కొట్టేసినట్టు, ఇల్లు అక్కడే ఉంటుంది. ఆ చోట వేరేది కట్టేదాకా ఫోటోరెక్ లాంటి ఉచిత టూల్‌తోనే వెనక్కి తేవచ్చు. తుడిచే సాఫ్ట్‌వేర్ చేసేది ఆ చోట మీద సున్నాలు గానీ, గజిబిజి అంకెలు గానీ రాయడం. ఎరేజర్, బ్లీచ్‌బిట్, డీబ్యాన్, విండోస్‌లోనే ఉన్న సైఫర్ కమాండ్, అన్నీ చేసేది అదే. మూడుసార్లు, ఏడుసార్లు రాయాలనేది పాతకాలం మాట. 35 సార్లు అనే లెక్క 1996లో పీటర్ గట్‌మన్ అనే ఆయన రాసిన వ్యాసం నుంచి వచ్చింది, ఈ కాలం డిస్కులకు అది అర్థం లేని పని అని తర్వాత ఆయనే రాశారు. మామూలు తిరిగే హార్డ్ డిస్కుకు ఒక్కసారి పూర్తిగా రాస్తే చాలు, ఆ డేటా ఏ ల్యాబ్‌కీ తిరిగి రాదు.

ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, చిప్పుల డిస్కు) వేరే జాతి. అందులో మీరు ఒకచోట రాస్తున్నాననుకుంటే అది అరుగుదల సమానం చేయడానికి ఇంకోచోట రాస్తుంది. కాబట్టి పైపైన సున్నాలు నింపినా పాత ముక్కలు మిగలొచ్చు. దాన్ని తయారీదారు ఇచ్చిన సెక్యూర్ ఎరేజ్ కమాండ్‌తోనే తుడవాలి. దీనికి ఉల్టా సంగతి కూడా ఉంది. ఎస్‌ఎస్‌డీలో మామూలుగా డిలీట్ చేసినా, ట్రిమ్ అనే సదుపాయం ఆన్‌లో ఉంటే కాసేపటికి అదే లోపల ఊడ్చేసుకుంటుంది. సాక్ష్యం కాపాడాలంటే ఎస్‌ఎస్‌డీకి ఊరికే కరెంటు ఇచ్చి ఉంచడం కూడా నష్టమే.

ట్రంకు రోడ్డు | జూన్ 12, ఉదయం 9:31
అయితే మీరే చెప్పారుగా, ఒక్కసారి తుడిస్తే ఏ ల్యాబ్‌కీ దొరకదని. ఇంక భయం దేనికి?

డిస్క్ డాక్టర్ | జూన్ 12, ఉదయం 10:02
ఫైలు దొరకదు. తుడిచిన సంగతి దొరుకుతుంది.

విండోస్‌ని ఉంచి కొన్ని ఫైళ్లే తుడిస్తే ఏ ప్రోగ్రామ్ ఏ రోజు ఎన్నిసార్లు నడిచిందో విండోస్ రాసుకునే ప్రీఫెచ్ ఫైళ్ల‌లో ఉంటుంది. ఫైళ్ల పేర్లు మార్చి తుడిచే టూల్ అయితే వరుసగా అర్థంలేని పేర్లు పట్టికలో కనిపిస్తాయి. ఖాళీ జాగా అంతా ఒక్క పాత ఫైలు ముక్క కూడా లేకుండా తెల్లగా ఉంటే, రోజూ వాడే కంప్యూటర్ అట్లా ఉండదు. మొత్తం తుడిచి విండోస్ మళ్లీ వేస్తే ఇన్‌స్టాల్ తేదీ ఉంటుంది. నాలుగేళ్లుగా వాడిన మిషన్ అంటారు, లోపల చూస్తే విండోస్ పుట్టి పది రోజులు. ఇలాంటివి నేనే మూడు చూశాను.

అమెరికాలో 2003లో కుకాలా అనే కేసు ఉంది. కంప్యూటర్ తనిఖీకి కోర్టు ఆదేశం ఉండగా, కాపీ తీసుకోవడానికి మనిషి వచ్చే ముందు రాత్రి దావా వేసినాయనే ఎవిడెన్స్ ఎలిమినేటర్ అనే సాఫ్ట్‌వేర్ నడిపాడు. పేరు చూడండి, సాక్ష్య నిర్మూలన అని డబ్బా మీదే రాసుకున్నారు! పోయిన ఫైళ్లలో ఏముందో ఎవరికీ తెలియలేదు. దావానే కొట్టేయమని మేజిస్ట్రేట్ జడ్జి సిఫారసు చేయడానికి ఆ ఒక్క పని సరిపోయింది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. డిస్కు మొత్తం సున్నాలతో నింపి, విండోస్ వేయకుండా వదిలేస్తే అది ఏ రోజు తుడిచారో ఆ డిస్కు తేదీ చెప్పదు. తేదీ చెప్పేవి బయట ఉంటాయి. బిల్లు, ఫోన్‌పే చెల్లింపు, షాపు కెమెరా. అందుకే ఆయనకు మీ బిల్లు కావాలి.

ఇందుకూరుపేట రొయ్య | జూన్ 12, ఉదయం 10:20
ఆ, ఇప్పుడర్థమైంది. 3,000 తుడిచినందుకు కాదు, తేదీకి.

పొదిలి మాస్టారు | జూన్ 12, మధ్యాహ్నం 1:15
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. ఇదంతా చదివి నాకు భయం పట్టుకుంది. పోయిన వారం నా పాత ల్యాప్‌టాప్ అమ్మేటప్పుడు ఫోటోలు, బ్యాంకు కాగితాలు అన్నీ సాఫ్ట్‌వేర్‌తో తుడిపించా. నా మీద కేసేమీ లేదు. ఇంటి పక్క గట్టు తగాదా ఒకటి తప్ప.

దర్గామిట్ట వకీలు | జూన్ 12, మధ్యాహ్నం 1:40
మాస్టారూ, హాయిగా నిద్రపోండి. అమ్మే ముందు తుడవడం మంచి అలవాటు. గట్టు తగాదా ఫోటోలు ల్యాప్‌టాప్‌లో ఉండి ఉంటే ఫోన్‌లో కాపీ ఉందో లేదో మాత్రం చూసుకోండి.

డిస్క్ డాక్టర్ | జూన్ 12, మధ్యాహ్నం 1:55
నిజానికి తుడవకుండా అమ్మడమే తప్పు. పాత సామాన్ల బజారులో కొన్న హార్డ్ డిస్కుల్లో జనాల ఆధార్ కాపీలు, పెళ్లి ఫోటోలు ఎన్ని చూశానో. వేరేవాళ్ల సమాచారం పెట్టుకునే ఆస్పత్రులు, స్కూళ్లు, షాపులు పని అయిపోయాక దాన్ని తీసేయాలని 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా చెబుతుంది. ఎట్లా తుడవాలో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 800-88 అని ఒక మార్గదర్శి ఇచ్చింది, మా ఆఫీసులో అదే పాటిస్తాం.

గెలాక్సీ బ్లాక్ | జూన్ 12, సాయంత్రం 6:30
మాది చీమకుర్తి, గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. తుడవకపోయినా తుడిచినవాళ్లమైన కథ మాది, రాస్తా.

రెండేళ్ల కిందట పాలిష్ లైను దగ్గర స్లాబు జారి ఒక కుర్రాడి కాలు నలిగింది. ఆస్పత్రి, డబ్బులు, వాళ్లవాళ్లతో మాటలు, ఆ హడావిడిలో కెమెరా సంగతి ఎవరికీ తట్టలేదు. 8 కెమెరాలు, రికార్డు చేసే డబ్బా డీవీఆర్‌లో 1 టీబీ డిస్కు. పన్నెండు రోజులు తిరిగేసరికి పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. పోలీసులు వచ్చి ఫుటేజీ అడిగింది ఇరవయ్యో రోజున. తీసి చూస్తే ఆ తేదీ లేదు. ఎవరు నమ్ముతారు? కుర్రాడి అన్న నా మొహం మీదే అన్నాడు, "మీరే తీసేశారు" అని. నేనే వాణ్ణి బండి మీద ఎక్కించుకుని ఒంగోలు తీసుకుపోయినవాణ్ణి. ఆ కెమెరాలో అసలు ఏముందో నాకూ తెలియదు, మాకే పనికొచ్చేదేమో, స్లాబు కట్టిన బెల్టు తెగడం అందులో పడే ఉండాలి.

ఇప్పుడు ఏ చిన్న దెబ్బ తగిలినా మొదట అంబులెన్సుకి ఫోన్, రెండోది డీవీఆర్ ఆపి ఫుటేజీ కాపీ తీయడం. ఓనరు చేత ఒక స్పేర్ డిస్కు కొనిపించా.

పాత హెడ్డు | జూన్ 12, రాత్రి 8:10
ఒంగోలులో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యా. గెలాక్సీ గారు చెప్పింది వంద శాతం. మేము పోయి అడిగితే "తిరిగిపోయింది సార్" అనే మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. అందులో సగం నిజం, సగం అబద్ధం, ఏది ఏదో మాకు తెలియదు. స్టేషన్ల కెమెరాలకే 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 18 నెలలు రికార్డింగ్ ఉండాలంది, అంత కుదరకపోతే కనీసం ఏడాది. షాపులకి అట్లాంటిదేమీ లేదు.

మా రోజుల్లో సీజ్ చేసిన సెల్‌ఫోన్ కవర్లో వేసి బీరువాలో పెట్టేవాళ్లం, అది ఆన్‌లోనే ఉండేది. ఎవడో బయటి నుంచి రీసెట్ కొడితే అంతే సంగతి. ఇప్పుడు కొత్తగా చేరే కుర్ర పోలీసులకి ఫ్లైట్ మోడ్ పెట్టడం, సిగ్నల్ అందని సంచిలో వేయడం నేర్పిస్తున్నారు. సోదా చేస్తే వీడియో తీయడం కూడా 2024 నుంచి తప్పనిసరి.

ఇందుకూరుపేట రొయ్య | జూన్ 12, రాత్రి 8:25
సాక్ష్యం కోర్టు దాకా పోయినా భద్రం ఏముంది సార్. 2022 ఏప్రిల్‌లో మన నెల్లూరు కోర్టులోనే దొంగలు పడి ఒక కేసు తాలూకు కాగితాలు, ఎలక్ట్రానిక్ వస్తువులు ఎత్తుకుపోలా? ఆఖరికి హైకోర్టు సీబీఐకి ఇచ్చింది. ఆ కేసులో ఉన్నది

నిర్వాహకుడు | జూన్ 12, రాత్రి 8:31
పై పోస్టులో చివరి భాగం తీసేశాను. రాజకీయాలు ఇక్కడ వద్దని తెలుసు కదా. అలాగే కావలి రిపేరు గారూ, మీ మొదటి పోస్టులో కస్టమర్ ఊరి పేరు, బండి గుర్తు కూడా తీసేశాను. కేసుకి పోయే విషయం, ఆయన ఎవరో ఇక్కడ తెలియనక్కర్లేదు.

లెక్కల అక్క | జూన్ 12, రాత్రి 9:00
నాకొక అనుమానం వకీలు గారూ. కంప్యూటర్ ఇద్దరు పార్ట్‌నర్లది అంటున్నారు. ఒకరు తెచ్చి తుడవమంటే రెండో పార్ట్‌నర్ సంగతి ఏంటి?

దర్గామిట్ట వకీలు | జూన్ 12, రాత్రి 9:35
సరిగ్గా పట్టుకున్నారమ్మా. సంస్థ ఆస్తి ఇద్దరిదీ. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లో సమాచారం తీసేయడం ఐటీ చట్టం 43వ సెక్షన్, మోసపూరితంగా చేస్తే 66వ సెక్షన్ కింద 3 సంవత్సరాల వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఒక పార్ట్‌నర్ యజమానే కదా అని వాదించొచ్చు, కానీ ఆ వాదన ఆయన చేసుకోవాలి, తమ్ముడు దాంట్లో ఇరుక్కోవడం దేనికి.

కావలి రిపేరు | జూన్ 12, రాత్రి 9:50
సార్, మరి నేనేం చేయాలి? పోలీసులకు చెప్పాలా? రైతులకు చెప్పాలా? లేక నేనే ఒక కాపీ తీసి దాచిపెట్టనా, రేపు ఎవరికైనా పనికొస్తుంది?

దర్గామిట్ట వకీలు | జూన్ 12, రాత్రి 10:15
కాపీ మాత్రం తీయొద్దు! ఆయన అనుమతి లేకుండా తీస్తే అదే 43వ సెక్షన్ మీ మీదికి వస్తుంది. పోలీసులకు చెప్పి తీరాలనే బాధ్యత కొన్ని పెద్ద నేరాలకే ఉంది, ఇది వాటిలో లేదు. ఇంతవరకూ నేరం జరగనూ లేదు. పని చేయనని తిరిగి ఇచ్చేయండి.

ఇందుకూరుపేట రొయ్య | జూన్ 12, రాత్రి 10:22
ఇదేం న్యాయం సార్! ఈయన తిరిగి ఇస్తే ఆయన పక్క షాపుకి పోతాడు. ట్రంకు రోడ్డు అన్నదే నిజమైంది. రైతు డబ్బులు పోయినట్టే. ఒక ఫోన్ కొడితే రైతులు రేపే కోర్టుకి పోయి ఆపించుకుంటారు.

దర్గామిట్ట వకీలు | జూన్ 12, రాత్రి 10:48
మీ కోపం అర్థమైంది. కానీ కస్టమర్ నమ్మి ఇచ్చిన వస్తువులో ఏముందో బయటివాళ్లకు చెప్పే షాపుకి రేపు ఎవరొస్తారు? రైతుల లాయరు నోటీసులోనే "కంప్యూటర్, ఫోన్ రికార్డులు యథాతథంగా ఉంచండి" అని ఒక వాక్యం రాసి ఉంటే బాగుండేది. నేను ప్రతి నోటీసులో రాస్తాను. దావా వేసే రోజే ఆర్డర్ 39 రూల్ 7 పిటిషన్ కూడా వేస్తాను. అది వాళ్ల పని.

పాత హెడ్డు | జూన్ 12, రాత్రి 11:05
నేను ఒప్పుకోను వకీలు గారూ. చట్టం ప్రకారం మీరు కరెక్టే కావచ్చు. కళ్ల ముందు జరుగుతుంటే ఒక మాట చెవిన వేయడం మనిషన్నవాడు చేసే పని.

డిస్క్ డాక్టర్ | జూన్ 12, రాత్రి 11:30
మీ ఇద్దరి మధ్యలో ఒక దారి ఉంది. తిరిగి ఇచ్చేటప్పుడు రసీదు రాయండి, కార్బన్ కాపీతో. సీపీయూ అందిన తేదీ, సమయం. డిస్కు కంపెనీ, సీరియల్ నంబరు, అది పైన లేబుల్ మీదే ఉంటుంది. "అందినప్పుడు విండోస్ తెరుచుకుంది, ఫోల్డర్లు ఉన్నాయి. డేటా తొలగించమని కోరారు. తొలగించలేదు. అదే స్థితిలో తిరిగి ఇచ్చాను." తిరిగిచ్చిన తేదీ, ఆయన సంతకం. లోపలి విషయం ఒక్క ముక్క కూడా రాయొద్దు. రిపేరు షాపు రసీదే అది, ఎవరూ తప్పు పట్టలేరు.

రొయ్య అన్నా, రైతులకు ఒక మాట. ఆయన వైపు తుడిచినా రెండో వైపు ఉంటుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే ఇది. కాటా చీటీ ఫోటోలు మీ వాట్సాప్‌లో ఉంటాయి, ఐస్ ఫ్యాక్టరీ బిల్లులు, లారీ ట్రిప్పులు, ప్రాసెసింగ్ ప్లాంటులో తూకం, బ్యాంకు. ఆ ఫోన్ మార్చొద్దు, ఫార్మాట్ చేయొద్దు, మాయమయ్యే మెసేజీల సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఇప్పుడే ఆపండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, అసలు ఫోన్ ఉండాలి.

దర్గామిట్ట వకీలు | జూన్ 12, రాత్రి 11:48
దానికి సర్టిఫికెట్ కూడా జతచేయాలి. 2020లో అర్జున్ పండిట్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, కాపీ పెడితే సర్టిఫికెట్ తప్పనిసరి. ఇప్పుడు సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్‌లో అది రెండు భాగాలు, ఒకటి మీరు, రెండోది నిపుణుడు ఇవ్వాలి, ఫైలు హ్యాష్ విలువ రాయాలి.

ఇందుకూరుపేట రొయ్య | జూన్ 13, ఉదయం 6:10
హ్యాష్ అంటే ఏంది సార్?

డిస్క్ డాక్టర్ | జూన్ 13, ఉదయం 7:20
బస్తా మూతికి వేసే లక్క సీలు అనుకో అన్నా. ఫైలు మొత్తాన్ని ఒక లెక్కలో వేస్తే ఒక పొడుగాటి అంకె వస్తుంది. లోపల ఒక్క అక్షరం, ఒక్క చుక్క మారినా అంకె పూర్తిగా మారిపోతుంది. ఈరోజు వేసిన అంకె, కోర్టులో వేసిన అంకె ఒకటైతే మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదని.

కావలి రిపేరు | జూన్ 13, రాత్రి 9:15
ఇచ్చేశా. డాక్టర్ గారు చెప్పినట్టే రసీదు రాశా. చదివి మొహం మాడ్చుకున్నాడు. "ఇదంతా ఎందుకు రాశావ్, నేనేమన్నా దొంగనా" అన్నాడు. ఏ వస్తువుకైనా ఇట్లానే రాస్తానన్నా, అంతకుముందు వారం ప్రింటరుకి రాసిన రసీదు చూపించా (అందులో ఇంత రాయలేదు, అది వేరే సంగతి). సంతకం పెట్టి, సీపీయూ డిక్కీలో వేసుకుని పోయాడు. ఇక మా షాపుకి రాడు.

ట్రంకు రోడ్డు | జూన్ 13, రాత్రి 9:40
3,000 హుష్ కాకి.

కావలి రిపేరు | ఫిబ్రవరి 4, రాత్రి 8:50
పాత చర్చని పైకి లేపుతున్నా, ఏమనుకోవద్దు. నిన్న నెల్లూరు నుంచి ఒక వకీలు గారి గుమాస్తా వచ్చాడు. రైతుల తరఫు కాదు, రెండో పార్ట్‌నర్ తరఫు. కోర్టు కమిషనర్ ఆ సీపీయూ చూశారంట, డిస్కు ఖాళీ, ఒక్క ఫైలు లేదు. మే నెలలోనే, నోటీసు రాకముందే, అమ్ముదామని తుడిపించామని ఏజెంటు అఫిడవిట్ వేశాడంట, వేరే షాపు మే నెల బిల్లుతో సహా. ఏజెంటు మా షాపులోంచి రావడం చూసిన మనిషెవరో పార్ట్‌నర్‌కి చెప్పాడంట, నేను మాత్రం ఎవరికీ చెప్పలేదు.

గుమాస్తా మా రసీదు పుస్తకం అడిగాడు. కార్బన్ కాపీ చూపించా. జూన్ 13, విండోస్ తెరుచుకుంది, ఫోల్డర్లు ఉన్నాయి, కింద ఏజెంటు సంతకం. సీరియల్ నంబరు కమిషనర్ రిపోర్టులో ఉన్నదే. గుమాస్తా రెండుసార్లు చదువుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, టీ తాగుతా అన్నాడు.

డిస్క్ డాక్టర్ | ఫిబ్రవరి 4, రాత్రి 9:05
ఆ పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేయండి. కాగితం చించి ఎవరికీ ఇవ్వొద్దు, కోర్టు అడిగితే పుస్తకం మొత్తం తీసుకెళ్లండి. షాపు కెమెరా ఫుటేజీ ఏమైనా ఉందా?

కావలి రిపేరు | ఫిబ్రవరి 4, రాత్రి 9:12
ఎనిమిది నెలలైంది సార్, ఎప్పుడో తిరిగిపోయింది.

గెలాక్సీ బ్లాక్ | ఫిబ్రవరి 4, రాత్రి 9:14
😀

కావలి రిపేరు | ఫిబ్రవరి 4, రాత్రి 9:30
సాక్షిగా సమన్లు వస్తాయంటున్నాడు. షాపులో నేనొక్కణ్ణే, వెళ్లిన రోజు మూసుకోవాలి. బత్తా ఏమైనా ఇస్తారా సార్?

దర్గామిట్ట వకీలు | ఫిబ్రవరి 4, రాత్రి 9:52
ఇస్తారు. సాక్షిని పిలిచే పార్టీ ప్రయాణ ఖర్చు, బత్తా కోర్టులో కట్టాలి. బస్సు టికెట్టు దాచుకోండి. ఒక్క రోజులో అయిపోతుందని మాత్రం అనుకోకండి.

ఇందుకూరుపేట రొయ్య | ఫిబ్రవరి 4, రాత్రి 10:05
నెల్లూరు వచ్చిన రోజు చెప్పు తమ్ముడూ, భోజనం మా ఇంట్లో. చేపల పులుసు పెట్టిస్తా.

దర్గామిట్ట వకీలు | ఫిబ్రవరి 4, రాత్రి 10:11
రొయ్య గారూ, ఆ నోటీసు ఇచ్చిన రైతుల్లో మీరు గానీ మీ వాళ్లు గానీ ఉన్నారా? ఉంటే సాక్షికి భోజనం పెట్టొద్దు, క్రాస్‌లో అదే మొదటి ప్రశ్న అవుతుంది.

ఇందుకూరుపేట రొయ్య | ఫిబ్రవరి 4, రాత్రి 10:20
లేను సార్, నా ఏజెంటు వేరే. నాది ఇంకా వాయిదాల్లోనే ఉంది.